తమ్ముడు బాగున్నాడట!

తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ మోకాలు ఎలా ఉంది? ఎడమదో కుడిదో పోయినసారి రాయలేదు. దగ్గు తగ్గిందా? మీ పక్కింటి దర్జీకి కంటి ఆపరేషన్ అయిందా, సూదిలో దారం ఎక్కించగలుగుతున్నాడా? మీ ఇంటి ఓనరమ్మ ఆయాసం ఎలా ఉంది? ఆవిడ పిల్లి ఈనిందా? ఇక్కడ మా అబ్బాయికి నడుం నొప్పి. కోడలికి ఏ నొప్పీ లేదంటుంది, దాస్తోందేమోనని నా భయం. నాకు ఎప్పుడూ ఉండేవే, కొత్తగా ఎడమ చెవిలో హోరు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం అందినప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు. అందులో "నేను చాలా బాగున్నాను" అని రాశావు. ఒరేయ్, అరవై మూడేళ్లొచ్చాయి నీకు. బుద్ధెరిగాక ఎన్నడైనా బాగున్నానని అన్నావా? పెళ్లినాడు అడిగినా "ఏదో ఉన్నాను" అన్నావు. మరదలు పోయాక ఆ ఏదో కూడా పోయింది. అలాంటివాడివి ఉన్నట్టుండి చాలా బాగున్నావా? పైగా అక్షరాలు గీత గీసి పేర్చినట్టున్నాయి. ఎవరు పక్కన నిలబడి రాయించారు?

దాని కింద ఇంకోటి. "దినచర్య కుదిరిందక్కా, అంతా దాని చలవే" అన్నావు. నాది రెండో తరగతి చదువే అయినా చర్య అంటే ఏమిటో తెలుసు. మీ బావకి గోడౌన్ నుంచి కాగితం వచ్చింది, "తగిన చర్య తీసుకోబడును" అని. ఆ ఒక్క చర్యకే ఆయన మూడు నెలలు ఇంట్లో కూర్చున్నారు. నీమీద రోజూ తీసుకుంటున్నారా? ఏం చేశావురా? నిజం చెప్పు.

నీ మీద బెంగతో,
అక్క

తా.క.: ఇంతా రాశాక కవరు తిప్పి చూశాను. చిరునామా "గంట గది" అని ఉంది. ఇల్లెప్పుడు మారావు? గంటకో గది మారుస్తున్నావా?

* * *

అక్కకి,

నమస్కారాలు. మోకాళ్లు రెండూ బాగున్నాయి. దగ్గు లేదు. దర్జీ దారం ఎక్కిస్తున్నాడట, ఓనరమ్మ మెట్లు ఎక్కుతోందట, పిల్లికి నాలుగు పిల్లలట. నేను ఆ వీధి వదిలి ఏడు నెలలైంది. కంగారు పడతావని రాయలేదు.

దినచర్య అంటే రోజూ వేళకి చేసుకునే పనులక్కా, ఎవరూ ఎవరిమీదా తీసుకునేది కాదు. ఐదింటికి గంట, అందరం లేస్తాం. పక్కబట్టలు మడిచి వరసలో నిలబడతాం. ఆవరణ చుట్టూ ఆరు చుట్లు నడక. పన్నెండుకి గంట, భోజనం, ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కోవాలి. సాయంత్రం మొక్కలకి నీళ్లు. తొమ్మిదికి దీపాలు ఆర్పేస్తారు. ఇలా పడుకుంటే అలా నిద్ర. ఇంత సుఖంగా నేనెప్పుడూ లేను.

ఇక్కడ ఒకాయన పధ్నాలుగేళ్లనుంచీ ఉంటున్నాడు. బంగారంలాంటి మనిషి. నాకు బుట్టలల్లడం నేర్పాడు. ఒకటి పంపుతున్నాను.

నువ్వు మాత్రం ఇప్పుడు బయల్దేరి రాకు. బయటివాళ్లని సార్ ఊరికే లోపలికి రానివ్వరు.

నీ తమ్ముడు

తా.క.: ఉత్తరంలో ఎక్కడైనా ఒక లైను కొట్టేసి ఉంటే కంగారు పడకు. కొట్టేసింది నేను కాదు.

* * *

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు. మా అబ్బాయి నడుం నొప్పీ, కోడలికి ఏమీ లేకపోవడమూ అలాగే ఉన్నాయి. నా చెవిలో హోరు ఇప్పుడు రెండో చెవికి పాకింది, నీ మూలంగానే.

బుట్ట అందింది. అల్లిక ఒద్దికగా ఉంది. ఉల్లిపాయలు పోశాక ఎత్తి చూద్దును కదా, అడుగున నీలం ముద్ర! "కారాగార" వరకూ కూడబలుక్కుని, కారం అమ్మే కొట్టువాళ్లది కాబోలనుకున్నాను. కోడలొచ్చి మిగతాది చదివింది, "కారాగార ఉత్పత్తి" అట. "అంటే జైలు, అత్తయ్యా" అంది. ఉల్లిపాయలు ఇల్లంతా దొర్లాయి.

గంట, వరస, చుట్లు, పళ్లెం, సార్! అన్నీ రాశావు, ఆ ఒక్క మాట తప్ప. పధ్నాలుగేళ్లవాడు బంగారంలాంటి మనిషా? ఎవరి బంగారం?

నువ్వు దొంగతనం చేశావంటే చచ్చినా నమ్మను. చిన్నప్పుడు డబ్బాలో పంచదార బొక్కి, మూతి తుడుచుకోవడం మరిచిపోయి అమ్మకి ఎదురెళ్లేవాడివి. నీకా విద్య రాదు. వాచీలు బాగుచేసేవాడివి కదా, ఎవరిదో ఒకటి పుచ్చుకుని తిరిగివ్వడం మరిచిపోయి ఉంటావు. దానికింత శిక్షా?

అందుకే చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మీ జైలు సార్‌కి అర్జీ పెట్టాను. నేను చెబుతుంటే కోడలు రాసింది, సంతకం మాత్రం నాదే. "మా తమ్ముడు అమాయకుడు. వాణ్ణి వెంటనే విడుదల చేసి ఇంటికి పంపవలెను" అని. ధైర్యంగా ఉండు. ఎవరేం అడిగినా తల ఊపకు.

అక్క

తా.క.: వీధిలో అడిగినవాళ్లకి నీకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని చెప్పాను. తిండి, బట్ట, కాపలా అన్నీ వాళ్లే చూసుకుంటారన్నాను.

* * *

అక్కా,

కొంప ముంచావు.

అవును, నేనుండేది జైల్లోనే. కానీ ఖైదీని కాను. జైలు గేటు మీది పెద్ద గడియారం ఆగిపోతే బాగుచేయమని నన్ను పిలిచారు. కింద గంట గదిలో మంచం వేసిచ్చారు. జైలు అంటే నీకు గుండె ఆగుతుందని ఆ మాట రాయలేదు.

పదిహేను రోజుల పని అది. ఏడు నెలలనుంచి చేస్తున్నాను. ఎందుకో నీకొక్కదానికే చెబుతున్నాను, అందుకే ఈ ఉత్తరం గేట్లో ఇవ్వకుండా వీధి చివర డబ్బాలో వేస్తున్నాను. గడియారం బాగైనప్పుడల్లా నేనే ఒక స్క్రూ వదులు చేస్తున్నాను.

ఆ పాత గదిలో ఒక్కణ్ణీ ఉన్నప్పుడు పదింటికి లేచినా, అసలు లేవకపోయినా అడిగే దిక్కు లేదక్కా. గోడ మీద పన్నెండు గడియారాలు, వాటిని చూసి చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ఇక్కడ ఆ పెద్దది ఆగినన్నాళ్లూ చేతి వాచీ చూసి గంట నేనే కొట్టాలి. నేను కొడితే మూడు వందలమంది లేస్తారు. లేపేవాడు పడుకుంటే ఎలా? వాళ్లతోపాటే నడుస్తాను, వాళ్లతోపాటే తింటాను. అన్నం రుచి తెలుస్తోంది.

ఇప్పుడు నీ అర్జీ సార్ బల్ల మీద ఉంది. నాలుగుసార్లు కబురు పెట్టారు. నేను గడియారం వెనక దాక్కుంటున్నాను. పని అయిపోయిందా అని అడిగితే ఏం చెప్పను? వెళ్లిపొమ్మంటారు. మళ్లీ ఆ గదిలోకి వెళ్లి పడుకోవడం నావల్ల కాదు.

నీ తమ్ముడు

తా.క.: ఇక్కడ విడుదల కావాలని ఏడ్చేవాళ్లు మూడు వందలమంది. వద్దని ఏడ్చేవాణ్ణి నేనొక్కణ్ణే.

* * *

తమ్ముడికి,

దీవెనలు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మీ సార్ జవాబూ వచ్చింది. ఆ కవరు నేను విప్పకుండా కోడలి చేతికిచ్చాను. కోడలు రెండుసార్లు చదివింది. ఎక్కడైనా మెలిక ఉందేమోనని మూడోసారి మా అబ్బాయిచేత చదివించాను. ఆయన రాసింది రాసినట్టు నీకు రాయిస్తున్నాను.

"అమ్మా, మీ తమ్ముడుగారికి ఏ శిక్షా లేదు. ఆయన ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. వెళ్లవద్దనే మేం కోరుకునేది. స్క్రూ వదులు చేయడం మొదటి నెలలోనే చూశాం, చూడనట్టు ఊరుకున్నాం. ఆయన రాకముందు గంట ఎప్పుడు మోగుతుందో, భోజనం ఎప్పుడు పెడతారో తెలియక ఇక్కడ రోజూ తగవులే. ఇప్పుడు లేవు. గంట కొట్టడానికి ఆయన్నే పెట్టుకోమని పైనుంచి ఉత్తర్వు వచ్చి పదిరోజులైంది. సంతకానికి పిలుస్తుంటే దొరకడం లేదు. దయచేసి గడియారం వెనకనుంచి ఇవతలికి రమ్మని మీరైనా రాయండి."

ఒరేయ్ మతిలేనివాడా, చదవడం ఇక్కడ ఆపి ముందు వెళ్లి సంతకం పెట్టు.

పెట్టావా? అయితే మిగతాది చదువు.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. పని పాడుచేసినవాణ్ణి పిలిచి మరీ పని ఇచ్చే ఆఫీసు ఎక్కడైనా ఉందా? నీ సంతకం పైన ఇంకేం రాసుకుంటారో ఏమో. పైగా నువ్వు మధ్యాహ్నం భోజనాల దగ్గర పదిమందినీ నవ్విస్తున్నావని కూడా చివర్న రాశారు. నువ్వు! నవ్వించడం సంగతి తర్వాత, నువ్వు నవ్వగా చూసి నాకెన్నేళ్లయింది? ఇలాంటివి ఉత్తరాల మీద నమ్మేదాన్ని కాను. కళ్లారా చూడాలి.

అక్క

తా.క.: లోపలికి వచ్చినవాళ్లని తిరిగి ఎన్నింటికి బయటికి పంపుతారో, అసలు పంపుతారో లేదో ముందే కనుక్కుని ఉంచు. కోడల్ని గేటు బయటే నిలబెడతాను, ఎందుకైనా మంచిది. ఈ నెల ఇరవై ఏడు, ఆదివారం, పొద్దున్న పదిన్నర బస్సుకి దిగుతున్నాను.