గడప అవతల పెద్దమ్మ

ఆదివారం, పుంగనూరు

పొద్దున అక్క కొడుకు నిద్రలో తుమ్మి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు. పదిహేను రోజుల బిడ్డ. తుమ్ములు మామూలేనని నర్సమ్మ చెప్పింది. అయినా నాకు భయమే.

మధ్యాహ్నం సోమల నుంచి పెద్దమ్మ వచ్చింది, దగ్గుకుంటూ. బస్సు దిగి చేతులైనా కడుక్కోకుండా ఉయ్యాల వైపు నడిచింది. నేను గది గడపలో అడ్డం నిలబడ్డాను.

"పెద్దమ్మా, బిడ్డకు ఇంకా రోగాన్ని తట్టుకునే బలం రాలేదు. దగ్గు తగ్గినాక ఎత్తుకుందువులే."

"ఏమ్మా, నోట్లో నాలుక లేని పిల్లవి, నాకే అడ్డం నిలబడతాండావా? మీ అక్క పుట్టినప్పుడు నీళ్లు పోసింది ఈ చేతులే!"

పక్కకు జరగబోయాను. ఇంతలో ఉయ్యాల పక్కన కూర్చున్న మా అవ్వ నవ్వింది.

"మా కాలంలో బాలింత గుమ్మానికి వేపాకు కట్టి ఎవుర్నీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు వేపాకు బదులు ఇది నిలబడి ఉండాది. ఆడనే కూర్చోవే."

పెద్దమ్మ మూతి ముడుచుకుంది. తర్వాత గడప అవతలే కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సాయంత్రం దాకా వాడితో మాట్లాడింది. వాడు ఆ గొంతు వైపే తల తిప్పాడు. దగ్గు తగ్గగానే వస్తానంది. కోపంగా అనలేదు.

నాకూ నిన్నటి నుంచి గొంతు గరగరగా ఉంది. నేనూ వాడిని గడప దగ్గరి నుంచే చూస్తున్నాను.