ఇరవై ఏడు మిల్లీమీటర్లు

మార్చి 3, మంగళవారం. ఉదయం 6.10

తీతువు చచ్చిపడి ఉంది. జంటలో ఏదో తెలియదు. ఆడదానికీ మగదానికీ తేడా నాకు తెలియదు కాబట్టి రాయను.

గూటికి పద్నాలుగు అడుగుల దూరంలో, దున్నిన చేలో పడి ఉంది. తల లేదు. రొమ్ము సగం తినేసి ఉంది. ఒళ్ళు చల్లగా, కర్రలా బిగుసుకుపోయింది. ఈకలన్నీ ఒకేచోట కుప్పగా రాలాయి. వాటి మీద మంచు తడి. ఎత్తి చూస్తే కింద మట్టి పొడిగా ఉంది. గుడ్లు నాలుగూ క్షేమం. రెండో పిట్ట పైన తిరుగుతూ గొంతు చించుకుంటోంది.

ఈ గూడు కోసమే అబ్బాయితో పోట్లాడి, గూడు మధ్యలో వచ్చేలా, ఒక్కో పక్క నాలుగు గజాల చదరం దున్నకుండా వదిలించాను. ట్రాక్టరు డ్రైవరుకి కనబడాలని నాలుగు మూలలా నిలువెత్తు గుంజలు పాతించి ఎర్రగుడ్డ కట్టించాను. అంత చేసీ ఇదీ ఫలితం.

పిట్ట పక్కనే మేనేజర్. నోట్లో ఈక.

ఉదయం 8.00

మేనేజర్ అంటే కంచె అవతల మా తోటికోడలి కుక్క. రోజంతా నీడలో కూర్చుని అందరి పనీ చూస్తుంది, తను మాత్రం ఏమీ చెయ్యదు. అందుకే ఆ పేరు. పోయినేడు మా బాతుల్ని రెండింటిని చంపింది. అప్పుడు నేనే కాగితం రాశాను. ఇంకొక్క ప్రాణి పోతే కుక్కను టౌన్లో షెల్టరుకి పంపెయ్యాలి. తోటికోడలు సంతకం పెట్టింది, నేను పెట్టాను. అబ్బాయి సాక్షి.

అబ్బాయి ఆ కాగితం వెతికి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. శనివారం వ్యాను ఖాళీయేనట, తనే తీసుకెళ్తాడట. నోట్లో ఈక ఉన్నంత మాత్రాన చంపినట్టు కాదన్నాను. మరి దాంతో చెవి గోక్కుంటోందా అమ్మా అన్నాడు.

తోటికోడలికి చూపు బాగా తగ్గింది. ఒక్కతే ఉంటుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆ కుక్క చెప్తేనే తెలియాలి. కంచె దగ్గరికి వచ్చి, నువ్వు ఏం తేలిస్తే అదే అక్కా, నేనింక మాట్లాడను అంది. ఆ తర్వాత అరగంట మాట్లాడింది.

శనివారం లోపల తేల్చాలి.

మార్చి 4, బుధవారం

వీపు మీది తోలు ముక్క నిన్ననే కోసి, వాసన రాకుండా కిటికీలో ఎండకి పెట్టాను. ఇవాళ ఈకలు కాస్త పీకి చూస్తే రెండు కోరపళ్ళ గాట్లు. మనవరాలి జామెట్రీ బాక్సులోంచి డివైడరు తీసుకుని మధ్య దూరం కొలిచాను. మూడుసార్లు. ఇరవై ఏడు మిల్లీమీటర్లు.

ఇక మేనేజర్ పళ్ళు. ఉడికించిన బంగాళాదుంప పట్టుకెళ్ళి నోటికి అందించాను. మింగేసింది. రెండోదీ మింగేసింది. మూడోదానికి సబ్బు రాశాను. కొరికి, నా వంక ఒక్క చూపు చూసి, ఉమ్మేసింది. గాట్ల మధ్య ముప్ఫై ఆరు.

ఆ దుంప ఏమిటని కోడలు అడిగింది. సాక్ష్యం అన్నాను. సాక్ష్యాలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు అత్తయ్యా అంది.

తేడా తొమ్మిది. కుక్క కాదు. మనవరాలి జంతువుల పుస్తకం ప్రకారం నక్క కావచ్చు. కంచె దగ్గరికి వెళ్ళి చెప్పాను. తోటికోడలు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఇది మొదటిసారి.

అబ్బాయి ఒప్పుకోలేదు. ఈ చుట్టుపక్కల నక్క కనబడి పదేళ్ళయిందనీ, ఇప్పుడు ఈ పిట్ట కోసం ప్రత్యేకంగా వచ్చి వెళ్ళిందా అనీ అడిగాడు. కొలత కొలతే అన్నాను.

మార్చి 5, గురువారం. మధ్యాహ్నం 12.40

పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల, ఇప్పటికీ టీచర్ అనే పిలుస్తుంది. నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, తోలు పచ్చిగా ఉండగా కొలిచారా టీచర్, ఎండాక కొలిచారా అని అడిగింది.

నేను జవాబివ్వకుండా ఫోన్ పెట్టేశాను. మర్యాద కాదు. క్షమాపణ చెప్పాలి.

మధ్యాహ్నం 1.00

కోడి తోలు ముక్క తెప్పించాను. పిన్నుతో రెండు చిల్లులు పొడిచాను, ముప్ఫై ఆరు మిల్లీమీటర్ల దూరంలో. అదే కిటికీ. రేపు ఇదే టైముకి చూడాలి.

మార్చి 6, శుక్రవారం. మధ్యాహ్నం 1.00

ఇరవై ఎనిమిది.

మధ్యాహ్నం 2.30

ఎండితే తోలు ముడుచుకుంటుంది. అంతే సంగతి. నక్కా లేదు గిక్కా లేదు. ఆ గాట్లు మేనేజర్ పళ్ళవే. కొలిచే ముందు దేన్ని కొలుస్తున్నారో చూడండని ముప్ఫై ఒక్క సంవత్సరాలు పిల్లలకి చెప్పాను. బెంచీలెక్కించి మరీ చెప్పాను.

ఈ సంగతి బయటపెట్టకపోతే కుక్క ఇక్కడే ఉంటుంది. డాక్టరమ్మ ఎవరికీ చెప్పదు. ఆ ఆలోచన వచ్చిందనీ, రెండు నిమిషాలు ఉందనీ కూడా ఇక్కడ రాస్తున్నాను.

వెళ్ళి చెప్పాను. తోటికోడలు మెట్టు మీద కూర్చుని కుక్కకి దువ్వెన పెడుతోంది. బుధవారం నక్క, శుక్రవారం కుక్క, ఆదివారానికి నేనే చంపానంటావేమో అక్కా అంది. షెల్టర్లో దుప్పటి ఇస్తారా అని అడిగింది. తెలియదన్నాను. లోపలికి వెళ్ళి పాత దుప్పటి తెచ్చి, అంచులు వేళ్ళతో తడిమి కలుపుకుంటూ మడత పెట్టి, సంచిలో కుక్కింది.

అబ్బాయి వ్యాను టైర్లలో గాలి చూస్తున్నాడు. తనే గెలిచానని కూడా అనలేదు. అంటే బాగుండేది.

సాయంత్రం 5.15

డాక్టరమ్మకి క్షమాపణ చెప్పాను. అయ్యో టీచర్ అని నవ్వేసి, ఎవరు కొరికారో గాట్లు చెప్తాయి గానీ ఎప్పుడు కొరికారో చెప్పవు అంది. బతికున్నదాన్ని కొరికితే తోలు లోపల నెత్తురు చేరి గడ్డ కడుతుంది, చచ్చినదాన్ని కొరికితే ఏమీ ఉండదు, లోపలి వైపు చూశారా అంది.

చూడలేదు. ఇన్నాళ్ళూ పై వైపే కొలుస్తూ కూర్చున్నాను.

ముక్కను తిప్పాను. పంటి గాట్ల చుట్టూ శుభ్రంగా ఉంది, చుక్క మరక లేదు. కొంచెం పైన, నేను ఈకలు పీకనిచోట, నాలుగు సన్న చిల్లులు. రెండు ఇటు, రెండు అటు. వాటి చుట్టూ నల్లగా గడ్డకట్టిన నెత్తురు. అవి పళ్ళు కావు, గోళ్ళు. పిట్ట ప్రాణంతో ఉండగా దిగినవి.

డబ్బాలో దాచిన ఈకలు లెక్కపెట్టాను. అరవై మూడు. యాభై ఎనిమిది మొదలంటా, ఒక్క పంటి నొక్కు లేకుండా పీకినవి. నమిలినవి అయిదే. ఆ అయిదూ మేనేజర్ ఖాతా.

ఈకల కింద మట్టి పొడిగా ఉందని మంగళవారం రాసుకున్నాను. సోమవారం పొద్దుగూకేదాకా రెండు పిట్టలూ తిరగడం చూశాను. అంటే మంచు పడకముందే, చీకటి పడగానే పని అయిపోయింది. డేగ చీకట్లో వేటాడదు. పైగా డేగ పట్టు ముందు మూడు గోళ్ళు, వెనక ఒకటి. రెండూ రెండూ పట్టేది గుడ్లగూబ. ఇది డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

కుక్కకి దొరికింది ఎంగిలి.

మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళాను. తోటికోడలు అంతా విని, ఇది పచ్చిగా చెప్తున్నావా అక్కా, ఎండబెట్టి చెప్తున్నావా అంది. నవ్వలేదు. దుప్పటి మాత్రం సంచిలోంచి తీసింది. అబ్బాయి తోలు ముక్కని లైటు కింద పెట్టుకుని చిల్లులన్నీ వేలితో తడిమి చూశాడు. సరే, రేపు వ్యానులో ఎరువు తెచ్చుకుంటానన్నాడు.

మార్చి 7, శనివారం. ఉదయం 7.00

ఒక్కటి తేలలేదు. గుడ్లగూబ ఎత్తున కూర్చుని, చూసి, దిగుతుంది. గూటికి చుట్టూ రెండు వందల గజాల్లో చెట్టు లేదు. స్తంభం లేదు. మరి ఎక్కడ కూర్చుంది?

ఉదయం 7.50

ఉత్తరం మూల గుంజ మీద తెల్లటి రెట్ట చారలు. కింద బొటనవేలంత ఉండ. విప్పితే ఎలుక బొచ్చు, సన్న ఎముకలు. గుడ్లగూబ కక్కినది. మిగతా మూడు గుంజలూ శుభ్రం.

ఆ గుంజ నుంచి గూటికి ఎనిమిదిన్నర అడుగులు. కొలవక్కర్లేదు, నాలుగు గజాల చదరానికి మధ్య నుంచి మూలకి అంతే వస్తుంది. ఆ లెక్క వేసింది నేను. గుంజ పాతించింది నేను. ఎర్రగుడ్డతో సహా కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

నాలుగూ పీకేశాను. మోసుకెళ్తుంటే తోటికోడలు వచ్చి రెండో కొస పట్టుకుంది. సంగతి చెప్తే, అయితే గుంజల్ని షెల్టరుకి పంపుదామా అంది. ఈసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ పంపమనే అన్నాను. గుంజల బదులు సున్నం పూసిన రాళ్ళు నేలకి ఆనించి పెట్టాం. ట్రాక్టరు డ్రైవరుకి అవి చాలట. మొదట్నించీ చాలునట, నాకు చెప్పడానికి భయపడ్డాడట.

కాగితంలో "చంపింది కుక్కేనని రుజువైతే" అన్న మాట చేర్చి మళ్ళీ అందరి చేతా సంతకాలు పెట్టించాను.

మార్చి 9, సోమవారం. ఉదయం 6.20

గుడ్లు నాలుగు. పిట్ట పొదుగుతోంది.

దగ్గరికి వెళ్ళబోతే లేచి, అరుస్తూ, నా తల మీదికి దూకింది. రెండుసార్లు. మేనేజర్ నా పక్కనే ఉంది. పిట్ట దాని జోలికి పోలేదు.

పిట్ట మళ్ళీ గుడ్ల మీద కూర్చునేదాకా, పన్నెండు అడుగులు వెనక్కి వచ్చాను.