గుంట మట్టి

మార్చి 9
1958లో సైన్యానికి పోతూ అన్న చేత ఒట్టు వేయించుకున్నాను. నేను తిరిగొచ్చేదాకా పొలంలోని నీటి గుంట జోలికి పోకూడదని. రెండేళ్లకు తిరిగొస్తే గుంట పూడ్చేసి ఉంది, దాని మీద బార్లీ మొలిచి ఉంది. ఆ రోజే పెట్టె సర్దుకుని నారిచ్ పట్నం వచ్చేశాను. మళ్లీ వాడితో మాట్లాడలేదు. పోయిన వేసవిలో వాడు పోయాడు. చూడ్డానికి వెళ్లలేదు.

ఈ రోజు వాడి భార్య హెస్టర్ నా గుమ్మంలో నిలబడింది. డెబ్బై తొమ్మిదేళ్లు, చేతిలో పార. మరిదీ, నీ పెరట్లో గుంట తవ్వుతాను, తప్పుకో అంది.

మార్చి 10
గుంటల మీద నా దగ్గర ఐదు పుస్తకాలున్నాయి. హెస్టర్ ఒక్కటీ చదవలేదు. అయినా ఆకులు రాలని చోటు, ఎండ పడే చోటు చూసి మరీ తవ్వింది. ఒక గట్టు ఏటవాలుగా ఉంచింది, కప్పపిల్లలు ఎక్కడానికి. అది అరవయ్యో పేజీలో ఉందన్నాను. ఆ పేజీ చింపి కప్పలకివ్వు, చదువుకుంటాయి అంది.

మార్చి 16
గుంట మీద చెక్క పలక అడ్డంగా వేసి, మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టింది. ఒక వైపు మూడు వేళ్లు పల్లం. అంత పట్టింపు ఎందుకన్నాను. నీళ్లకు మొహమాటం ఉండదు మరిదీ అని ఆ వైపు మళ్లీ మట్టి పోసింది. పాత తివాచీ పరిచి, దాని మీద రబ్బరు షీటు వేసింది. వాన నీళ్లే నిండాలట.

మార్చి 29
వాన లేదు. హెస్టర్ రాని రోజు చూసి కుళాయి నీళ్లతో నింపేశాను.

ఏప్రిల్ 17
కుళాయి నీళ్లకు పాచి పట్టి బఠాణీ సూపులా పచ్చబడ్డాయి. ఇన్ని పుస్తకాలు చదివి వాన కోసం ఓపిక పట్టలేకపోయావా, మీ అన్నా ఇంతే అంది హెస్టర్. అరవై ఏళ్లలో నన్నెవరూ ఇంత మాట అనలేదు. బకెట్లతో తోడి పోసింది. నేను టీ పెట్టాను.

మే 6
వారం రోజుల వానకు గుంట నిండింది. కొనాల్సిన మొక్కల జాబితా చూపించాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రెండు బకెట్ల నల్ల మట్టి గుంటలోకి దింపింది. మా పాత గుంట అడుగు మట్టి. కౌలు రైతు యంత్రంతో నాలుగడుగుల లోతు తవ్వించిందట. చోటు ఎలా తెలిసిందని అడిగాను. గేటు నుంచి డెబ్బై రెండు అడుగులు, మీ అన్న నోటుబుక్కులో రాసుకున్నాడు, ఏటా దున్నాక మళ్లీ నడిచి చూసుకునేవాడు అంది.



ఇందులో ఏదైనా మొలిస్తే జులైలో మీ అన్న సమాధి రాయి నిలబెట్టే రోజు నువ్వు రావాలి. మొలవకపోతే ఇక నీ గడప తొక్కను. ఇదీ ఆమె షరతు. ఒప్పుకున్నాను.

మే 20
ఏమీ లేదు.

మే 27
ఏమీ లేదు. హెస్టర్ టీ తాగి వెళ్లింది, గుంట వైపు చూడలేదు. మొలవకూడదని కోరుకోవలసిన వాణ్ణి. పొద్దున లేస్తూనే మోకాళ్ల మీద వంగి చూస్తున్నాను.

జూన్ 8
ఉదయం ఐదింటికి చూస్తే గుంటలో ఆకుపచ్చ పోగులు, వెంట్రుకంత సన్నం. ఒకటి తుంచి నలిపి వాసన చూశాను. వెల్లుల్లి కంపు. చిన్నప్పుడు మా గుంటలో పెరిగిన గరుకు నాచే. అరవై ఏళ్లు బార్లీ వేళ్ల కింద, చీకట్లో, దాని బీజం ప్రాణం బిగబట్టుకుని ఉంది. నేను చదివిన పుస్తకాల్లో ఇంత గొప్ప సంగతి లేదు. దాన్ని నమ్మి మోసుకొచ్చిన మనిషి అంతకంటే గొప్పది.

చెప్పకుండా దాచేద్దామనుకున్నాను. ఆమె వస్తూనే నా మోకాళ్ల బురద చూసి, కోటు ఇస్త్రీ చేయించుకో అంది.

జులై 15
అన్న సమాధి దగ్గరికి వెళ్లాను. గుంట పూడ్చినందుకు ఇక కోపం లేదు. వాడు ఏటా అన్ని అడుగులు నడిచి, నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. తప్పు ఇప్పటికీ వాడిదే. ఆ రాయి మీద పేరున్న ఆంబ్రోస్ థర్కెటిల్‌ది.