చెరకాకు చుట్టిన జాడీ

మంగళవారం

నూకాలమ్మత్తకు అబద్ధం చెప్పాను.

ఆవిడ పాత ఊరగాయ జాడీని ఆన్‌లైన్ వేలంలో పెట్టింది నేనే. వారం రోజులు ఒక్కరూ పాడలేదు. పెద్ద షాపుల వాళ్లందరిదీ ‘డెలివరీ ఉచితం’. నేనూ అదే రాస్తే ఆ రోజే పాట మొదలైంది. కానీ కొరియర్ చార్జీ నా నెత్తిన పడింది. అది పెట్టె సైజును బట్టి ఉంటుంది. అందుకని అత్త చుట్టిచ్చిన ఎండు చెరకాకంతా పీకేసి, జాడీని చిన్న పెట్టెలో కుక్కి పంపాను.

మధ్యాహ్నం ఫోటో వచ్చింది. మూడు ముక్కలు. కొన్నావిడ తిట్టినా బాగుండేది. “లోపల మెత్తగా ఏదైనా పెట్టాల్సిందండీ” అని మాత్రం రాసింది.

సాయంత్రం అత్త బుచ్చయ్యపేట నుంచి ఇంకో జాడీ చంకన పెట్టుకుని వచ్చింది.

“జాడీ బాగా సేరిందేటే?”

“సేరిందత్తా.”

“సేరదేటి మరి! ఆకు అంచులు ఇప్పేవాళ్ల సేతుల్ని గీకుతాయని ఒక్కోదాని అంచూ సీరేసి సుట్టేను. దీనికీ అలాగే సుట్టేను, సూడు.”

చిన్న పెట్టెలు డజను కొని ఉంచాను. ఈ జాడీ ఆకుతో సహా వాటిలో పట్టదు.

ఇప్పుడే పెట్టి చూశాను.