అలన్ తుపాకీ అప్పగించిన ఏడాది

జయశ్రీ వదినకు,

కిందటి బుధవారం మా వీధిలోని నర్సు సువర్ణకుమారి భర్త జోజయ్యగారిని ఎవరో తుపాకీతో కాల్చి చంపారు. ఆదివారం పెరట్లో బార్బెక్యూ విందులో ఆ మాటెత్తితే మా సాకేత్, “మూడ్ స్పాయిల్ చెయ్యకమ్మా” అన్నాడు. అందరూ క్రికెట్ కబుర్లలో పడ్డారు.

మనం ఆస్ట్రేలియాకి, ఈ టూవూంబాకి వచ్చిన కొత్తలో ఎక్కడో టాస్మేనియాలో కాల్పులు జరిగితే, ఎదురింటి అలన్ తన తండ్రి నాటి తుపాకీని తనంతట తానే పోలీసులకు అప్పగించి, మీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. మీరు కాఫీ ఇచ్చారు. వారాల తరబడి వీధంతా అదే మాట. ఆ మనుషులే కళ్ళలో మెదులుతున్నారు.

నిన్న సువర్ణ దగ్గరికి వెళ్ళాను. “మీరే మొదట వచ్చారక్కా” అంది. శనివారం భూస్థాపన. శవపేటిక మోయడానికి ఆరుగురు కావాలి, నలుగురే దొరికారు. అడిగితే సాకేత్ చేతిలో ఫోను పక్కన పెట్టి, సరేనన్నాడు. బ్రిస్బేన్ నుంచి అన్నయ్యగారు కూడా వస్తే ఆరుగురవుతారు.

మీ పాత పొరుగింటి వదిన