ఆదివారం దించిన తెర

పాపటోయిటోయి ఊరి నుంచి

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు మనస్వినికి,

ఆదివారం దేవుడిదా, డిస్కౌంటుదా? జవాబు చెప్పు బిడ్డా!

మన తెలుగు ప్రార్థన హాలులో కుర్చీలు ఖాళీ. జనమంతా మాల్స్‌లో. ఇట్లనే ఉంటే హాలు యోగా క్లాసుకు ఇచ్చేస్తారట. క్రైస్ట్‌చర్చ్‌లో నువ్వు షోకేసులు అలంకరించే పెద్ద స్టోరును పెట్టిన ఇంగ్లీషు దొర హార్‌గ్రోవ్ గొప్ప భక్తుడట కదా! ఆదివారం ఏం చేసేవాడు? ఆయన జీవితం మీదే ప్రసంగిస్తా.

మీ మామ, వీరేశం

తా.క. ఫోన్ చేయకు. అపొస్తలులు ఉత్తరాలే రాశారు.

*

వీరేశం మామకు నమస్తే.

హార్‌గ్రోవ్ చిన్నప్పుడు ఇంగ్లండులో బట్టల కొట్టు ఊడ్చేవాడు. పడక కౌంటర్ కిందే. ఓడెక్కి ఈ దేశానికొచ్చి స్టోరు పెట్టాక, ఆదివారం షోకేసులకు నల్ల తెరలు దించేవాడు. చర్చికి పోయేవాళ్లు టోపీలు చూసి ఆశపడకూడదని! మిగతా కథ కనుక్కుంటున్నా, అప్పటిదాకా ఆగు.

మనస్విని

తా.క. అత్తను అడగకుండా ఏమీ చేయొద్దు.

*

మనస్వినీ,

అగ్నిని ఆగమంటే ఆగుతుందా? పొరుగువాడిది ఆశించవద్దన్న ఆజ్ఞను దొర గుడ్డముక్కతో నిలబెట్టాడు! నేను కూడా మీ అత్త తారాబాయి నడిపే చీరల షాపు అద్దానికి బెడ్‌షీట్లు కట్టాను. ఆదివారం ప్రార్థనకు వచ్చింది కీబోర్డు వాయించే శశిధర్ ఒక్కడే. మిగతా సంఘమంతా షాపు ముందే! "లోపలేముంది అంకుల్? కంచి స్టాకా?" అంటూ వంగి వంగి చూస్తున్నారు. సోమవారం తలుపు తీయకముందే క్యూ. మీ అత్త పాటలు పాడుతోంది. నా పరువు పోయింది.

వీరేశం

తా.క. సిలువ నాడు దేవాలయపు తెర దానంతట అదే చినిగింది. నా బెడ్‌షీటును మాత్రం చీరల కోసం తొంగిచూసిన ఫిజీ ఆంటీ చింపింది.

*

మామా,

అందుకే ఆగమన్నా! మా స్టోరులో రిటైరైన కివీ పెద్దావిడ చెప్పింది. దొర మొదట భక్తితోనే దించాడట. సోమవారం జనం విరగబడేసరికి, తెర వెనక కొత్త సరుకు సర్దించడం మొదలుపెట్టాడు. మూసినదాన్నే మనిషి చూడాలనుకుంటాడని మాకు ఇప్పటికీ నేర్పుతారు.

మనస్విని

తా.క. అత్త ఫోన్ చేసింది. ఇంకా మందం బెడ్‌షీట్లు కావాలట.

*

మనస్వినీ,

నాకు ప్రత్యక్షత కలిగింది! మీ అత్త షాపుకున్న బెడ్‌షీట్లు విప్పుకొచ్చి హాలు వేదికకు కట్టాను. "ఆదివారం తెర తీయబడును" అని బోర్డు పెట్టాను. అప్పుడే కుర్చీల మీద చేతిరుమాళ్లు వేసి సీట్లు పట్టుకుంటున్నారు. యోగా మాస్టారుది మొదటి వరస!

కానీ బిడ్డా, తెర వెనక ఉన్నది నేనూ, నా మైకూ. తీయగానే "ఓస్, మన వీరేశమేనా!" అని లేచిపోతారు. హాలూ పోతుంది. ఖాళీ షోకేసు నింపే విద్య నీది. వచ్చి నింపు. ఇదే అనుకూల సమయం!

మీ మామ

తా.క. పోస్టులో ఆలస్యమవుతుందని దీన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. అపొస్తలులు క్షమింతురు గాక. రేపు కాదు, ఇవాళే ఫ్లైట్ ఎక్కు!