మాబు పగలగొట్టిన ఫోటో

ఆదివారం రాత్రి, కదిరి

అనాథాశ్రమంలో కలిసి పెరిగినవాళ్లం ఇన్నేళ్లకు ఈరోజు మళ్లీ అక్కడే చేరి, ఒక్కొక్కరం మా బతుకులు చెప్పుకున్నాం. చపాతీ దొంగిలించినందుకు తన అరచేతిని వార్డెన్ కాలే పెనానికి అదిమిపెట్టిన సంగతి చెబుతూ చెబుతూ మాబు లేచాడు. గోడమీదున్న ఆ చచ్చిన వార్డెన్ ఫోటోను దండతో సహా నేలకేసి కొట్టి, పాదాల నుంచి నెత్తురు కారుతున్నా గాజుపెంకుల్ని తొక్కుతూనే ఉన్నాడు.

“సాలప్పా, సచ్చినోడు యాడ ఇంటాడు?” అని మాలో పెద్దదైన గంగమ్మక్క పట్టుకుంది.

“వాడు ఇనకపోతే పోనీక్కా, మీరు ఇంటాండారు కదా!” అని మాబు ఏడ్చాడు.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన మా ఆయన, తిరిగొస్తూ దారిలో తన ఆటో పక్కకు ఆపాడు. “నిన్నూ కొట్టినాడా?”

వీపు మీది మచ్చలు బండమీద పడితే అయినవని పెళ్లైన కొత్తలో చెప్పాను. ఈరోజు “బెల్టుతో” అన్నాను.

“వాన్ని యాడ పూడ్సినారు?” అన్నాడు. తెలిసీ చెప్పలేదు.

ఇప్పుడు పక్కనే పడుకున్నాడు గానీ, పిడికిళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి.